పది మీటర్ల దూరం నుంచి విమానం: పెద్ద మోడళ్ల నగిషీ, రంగులపై పాఠకుల ప్రశ్నలు

1/72 నిష్పత్తి కిట్లతో (అసలు విమానాన్ని 72వ వంతుకు తగ్గించి, అతికించుకోవడానికి ప్లాస్టిక్ భాగాలుగా ఇచ్చేవి) చేయి తిరిగిన పాఠకులు క్రమంగా 1/32, 1/24 నిష్పత్తుల వైపు మళ్లుతున్నట్లు ఈమధ్య అందిన ఉత్తరాలు చెబుతున్నాయి. చాలా ఉత్తరాలలో ఒకే సందేహం వేర్వేరు రూపాలలో కనిపించినందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని పెద్ద మోడల్ విమానాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: చాలా ఏళ్లుగా 1/72 నిష్పత్తి విమానాలు చేస్తున్నాను. ఇటీవల రెండవ ప్రపంచయుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ను 1/32లో అవే పద్ధతులతో, అంతే శ్రద్ధతో పూర్తిచేశాను. అతుకులు ఎక్కడా కనబడవు, రంగు అంతటా సమంగా పరుచుకుంది. అయినా అది విమానంలా కాక పెద్ద ఆటబొమ్మలా ఉంది. లోపం ఎక్కడ జరిగింది?

జవాబు: లోపం మీ పనితనంలో లేదు, దూరాన్ని లెక్కలోకి తీసుకోకపోవడంలో ఉంది. మోడల్‌ను మనం సాధారణంగా 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకొని చూస్తాము. 1/72 మోడల్ విషయంలో అది అసలు విమానానికి దాదాపు 22 మీటర్ల దూరంలో నిలబడి చూడటంతో సమానం. 1/32 దగ్గరికి వచ్చేసరికి ఆ దూరం 9.6 మీటర్లకు, 1/24 అయితే 7.2 మీటర్లకు తగ్గుతుంది. 22 మీటర్ల దూరం నుంచి ఒకే రంగుగా తోచే రెక్క పది మీటర్ల దూరంలో అలా ఉండదు. ఒక్కొక్క రేకు ఒక్కొక్క తీరున వెలసి ఉంటుంది, మెకానిక్కులు కాలుపెట్టే చోట పూత అరిగి ఉంటుంది, కొత్తగా మార్చిన మూత పక్కవాటికంటే ముదురుగా కనిపిస్తుంది. మీరు సమంగా పరుచుకుందని సంతోషించిన ఆ రంగే మీ స్పిట్‌ఫైర్‌ను బొమ్మగా మార్చింది.

రెండవ సంగతి కొలతలది. మోడల్‌పై కనిపించే ప్రతి కొలతనూ 32తో గుణించి చూసే అలవాటు చేసుకోండి. కిట్‌పై రేకుల మధ్య గీత వెడల్పు 0.3 మి.మీ. ఉన్నదనుకుంటే, అసలు విమానంపై అది దాదాపు ఒక సెంటీమీటరు సందు అవుతుంది. చిటికెనవేలి కొస దూరేటంత సందు పెట్టుకొని ఏ యుద్ధవిమానమూ కర్మాగారం దాటి బయటికి రాదు. రెక్క వెనుక అంచు 0.6 మి.మీ. మందం ఉంటే అది 19 మి.మీ. పలక అవుతుంది. అందువల్ల రెక్క పై, కింది సగాలను అతికించకముందే లోపలి వైపు నుంచి ఉప్పుకాగితంతో అరగదీసి అంచును పలుచన చేయవలసి ఉంటుంది. పొగగొట్టాల కొసలకు సన్నని డ్రిల్లుతో రంధ్రం చేసి గోడ మందం తగ్గించడం, తుపాకీ గొట్టాల స్థానంలో ఇత్తడి గొట్టాలు పెట్టడం కూడా ఈ కోవలోనివే. కొనే భాగాలకంటే ఈ పలుచన చేసే పనే పెద్ద మోడల్‌కు ఎక్కువ ప్రాణం పోస్తుందని నా అభిప్రాయం.

ఇక గీతలన్నిటిలోకీ ఒకే నల్లని ద్రవం దింపితే మోడల్ గళ్ల దుప్పటిలా తయారవుతుంది. ఇంజిన్ మూతలు, తుపాకుల అరల తలుపులు, ఇంధనం పోసే మూతి వంటి తరచు తెరిచే భాగాల చుట్టూ మాత్రమే మురికి చేరి గీత ముదురుగా కనిపిస్తుంది. శాశ్వతంగా రివెట్లతో బిగించిన రేకుల అతుకులు లేత బూడిద నీడగా కనిపిస్తే చాలు. అసలు గీతలే ఉండకూడని చోట్లు కూడా ఉన్నాయి. అమెరికా యుద్ధవిమానం పి-51 ముస్టాంగ్ రెక్క ముందు భాగంలోని అతుకులను, రివెట్లను కర్మాగారంలోనే పుట్టీతో పూడ్చి, నునుపుచేసి, ఆపైన రంగు వేసేవారు. గాలి ఆ రెక్కపై చెదరకుండా జారిపోవడానికి ఆ నునుపు అవసరం. అలాంటి రెక్కపై రివెట్ల వరుసలు కొట్టడం శ్రమపడి తప్పు చేయడమే అవుతుంది. బ్రిటిష్ యుద్ధవిమానం హాకర్ హరికేన్ వెనుక సగానికి కప్పినది రేకు కాదు, గుడ్డ. అక్కడ లోపలి బద్దల ఉబ్బు మాత్రమే మెత్తగా తెలియాలి. కిట్ తయారీదారులు ఆ ఉబ్బును ఎక్కువ చేసి చూపుతుంటారు కాబట్టి దానిని కొంత అరగదీయడం మంచిది.

రివెట్లు ఉండవలసిన చోట వాటి మధ్య దూరం 25 మి.మీ. అనుకుంటే 1/32లో అది 0.8 మి.మీ. అవుతుంది, పళ్ల చక్రం ఉన్న రివెట్ పనిముట్టును ఆ కొలతకు దగ్గరగా ఎంచుకోండి. చక్రం నడిపిన తరువాత గుంటల చుట్టూ లేచిన ప్లాస్టిక్ అంచును 1000 నంబరు ఉప్పుకాగితంతో తుడిచివేయాలి. పది మీటర్ల దూరం నుంచి రివెట్ ఒక గుంటగా కనిపించదు. వరుసలు పోయిన చోట రేకు కొద్దిగా అలలు తీరినట్లు వెలుగులో తెలుస్తుంది. మీకు కావలసినది ఆ అల.

ప్రశ్న: కాక్‌పిట్‌కు, ఇంజిన్‌కు విడిగా అమ్మే ఇత్తడి రేకు భాగాలు, రెజిన్ (పోత పోసిన ప్లాస్టిక్) భాగాలు అన్నీ కొనవలసిందేనా? మూసిన తరువాత కంటికి ఆనని వాటిపై శ్రమ దండగ కాదా?

జవాబు: దండగే. అయితే ఏది కంటికి ఆనదో ముందుగా తేల్చుకోవాలి. జిగురు వాడకుండా విమానం రెండు సగాలను టేపుతో పట్టి నిలిపి, కాక్‌పిట్ తెరుపులోంచి టార్చి వేసి చూసి, కనిపించే చోట్లను పెన్సిలుతో గుర్తుపెట్టండి. చాలా యుద్ధవిమానాలలో సీటు, దాని బెల్టులు, మీటర్ల పలక, కంట్రోల్ స్టిక్ పై భాగం, పక్కగోడల పై సగం మాత్రమే మిగులుతాయి. వీటిలో చూపు మొదట పడేది బెల్టులపై. ఇత్తడి బెల్టులు బిగుసుకొని నిలబడితే సీటు మొత్తం చెడిపోతుంది. వాటిని మంటపై ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి సీటు ఒంపులోకి ఒదుగుతాయి. పలుచని సీసపు రేకును 1.5 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి వాడినా అంతే చక్కగా వస్తుంది, పైగా బరువుతో వాలినట్లు ఉంటుంది. మీటర్ల పలకపై ఒక్కొక్క ముఖంలో ఒక చుక్క మెరుపు వార్నిష్ వేయండి. అద్దం ఉన్నదన్న భ్రమ కలిగించడానికి అంతకు మించిన పని అక్కరలేదు.

కాక్‌పిట్ రంగు విషయంలో ఊహకు తావు ఇవ్వకండి. జర్మన్ యుద్ధవిమానాల కాక్‌పిట్ 1941 చివర వరకు సాధారణంగా బూడిద ఆకుపచ్చ ఛాయ గల ఆర్ఎల్ఎం 02లో (ఆర్ఎల్ఎం అంటే ఆనాటి జర్మన్ వైమానిక మంత్రిత్వశాఖ, అంకె దాని రంగు సంఖ్య), తరువాత దాదాపు నల్లగా ఉండే ఆర్ఎల్ఎం 66లో ఉండేది. బ్రిటిష్ విమానాలది వేరొక బూడిద ఆకుపచ్చ. అమెరికా వారి ఇంటీరియర్ గ్రీన్, తుప్పును ఆపే పసుపు జింక్ క్రోమేట్ పూతలో నలుపు కలపగా పుట్టిన రంగు. నల్లగా ఉండే కాక్‌పిట్‌ను పచ్చి నలుపుతో కాక ముదురు బూడిదతో వేసి, అంచులను ఇంకొంచెం లేత బూడిదతో పొడికుంచె (రంగును దాదాపు తుడిచేసిన కుంచె) తాకిస్తేనే లోపలి ఆకారాలు బయటపడతాయి.

ఇంజిన్‌కు వస్తే, స్పిట్‌ఫైర్‌కు వాడిన మెర్లిన్‌లో 12 సిలిండర్లు, ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున 24 స్పార్క్ ప్లగ్గులు. అంటే 24 వైర్లు. అసలు వైరు 7 మి.మీ. లావు ఉంటుందనుకుంటే 1/32లో అది 0.22 మి.మీ. అవుతుంది. సీసపు తీగ రాగి తీగకంటే మెత్తగా వంగుతుంది, వంచిన చోటే ఉండిపోతుంది. మొదటిసారి చేసేవారికి అదే నయం. అయినా ఒక మాట అనకుండా ఉండలేను: ఇంజిన్ మూతలు తెరిచిపెట్టిన స్పిట్‌ఫైర్‌కు ఆ ముక్కు సొగసు పోతుంది. మీ కిట్‌లో మూతలు బాగా కూర్చుంటే మూసివేసి, ఆ 24 వైర్ల సమయాన్ని రంగుపై పెట్టండి.

ప్రశ్న: ఎయిర్‌బ్రష్‌తో (రంగును గాలితో చిమ్మే పనిముట్టుతో) వేసిన రంగు నారింజ తొక్కలా గరుకుగా వస్తోంది. గీతల వెంట ముందుగా నలుపు వేసి పైన అసలు రంగు వేసే పద్ధతి కూడా ప్రయత్నించాను. అది మీరు చెప్పే గళ్ల దుప్పటిలాగే వచ్చింది. పెద్ద మోడల్‌కు రంగు వేసే క్రమం వివరించగలరా?

జవాబు: తొక్కలాంటి గరుకు రావడానికి మూడు కారణాలలో ఒకటి ఉంటుంది. రంగు చిక్కగా ఉండవచ్చు, ఎయిర్‌బ్రష్ దూరంగా ఉండవచ్చు, లేదా గాలి ఒత్తిడి ఎక్కువై తుంపర మోడల్‌ను చేరేలోపే ఆరిపోతూ ఉండవచ్చు. రంగును పాలంత పలుచన చేసి, 0.3 మి.మీ. నాజిల్‌తో, 15 నుంచి 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిలో, ఆరు నుంచి పది సెంటీమీటర్ల దూరం నుంచి, తడి మెరుపు క్షణకాలం కనిపించి పోయేటట్లుగా వేయండి. ఇప్పటికే గరుకుబారిన పూతను రెండు రోజులు ఆరనిచ్చి 2000 నంబరు కాగితంతో తడిపి రుద్దితే చాలావరకు సర్దుకుంటుంది. లాకర్ రంగులు (ఘాటైన ద్రావకంతో చేసినవి) వాడేవారు సేంద్రియ ఆవిరులను ఆపే ఫిల్టర్ గల మాస్కు తప్పనిసరిగా ధరించాలి. గుడ్డ మాస్కు ధూళిని కొంత ఆపుతుందేమో కాని ద్రావకపు ఆవిరిని ఆపదు.

క్రమం సంగతి. మొదట మోడల్‌ను సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, బూడిదరంగు ప్రైమర్ (తొలి పూత) వేసి, అతుకులను వాలు వెలుగులో పరీక్షించాలి. అతుకులకు సూపర్ గ్లూ వాడితే గంటలోపే అరగదీయండి. రాత్రంతా వదిలితే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కంటే గట్టిపడి, ఉప్పుకాగితం మెత్తని ప్లాస్టిక్‌నే తినివేసి గుంట మిగుల్చుతుంది. ఆ తరువాత అంతటా నలుపు.

నలుపు మీద, గీతల వెంట కాక రేకుల మధ్యలో, అసలు రంగుకు తెలుపు కలిపి లేతచేసిన రంగుతో క్రమం లేని మచ్చలు, పురుగు పాకినట్లు వంకర గీతలు వేయాలి. ఇక్కడ నాజిల్ 0.2 మి.మీ., ఒత్తిడి 10 నుంచి 12 పీఎస్ఐ, రంగు ఇంకా పలుచన. రెండు పక్కపక్క రేకులకు ఒకే నమూనా రాకుండా చూసుకోవడమే ఈ పని అంతటిలోకీ కష్టం, ఎందుకంటే చేయి తనకు తెలియకుండానే లయలో పడిపోతుంది. రెక్కపై ఒక మూల, తోకపై ఒక మూల, మళ్లీ రెక్కపై వేరొక మూల అన్నట్లు చోటు మార్చుకుంటూ వెళ్లండి. మచ్చలు వేయడం ముగిసేసరికి మోడల్ చూడటానికి అసహ్యంగా ఉంటుంది. భయపడకండి. అసలు రంగును బాగా పలుచన చేసి, పల్చని తెర వేసినట్లు రెండు మూడు పొరలు కప్పుతూ పోతే కింది మచ్చలు ఒక్కొక్కటిగా లోపలికి జారతాయి. ఎక్కడ ఆపాలన్నదే నేర్పు. మోడల్‌ను చేయి చాపినంత దూరంలో పట్టుకున్నప్పుడు రంగు ఒకటే అనిపించి, దగ్గరికి తెచ్చుకున్నప్పుడు మాత్రమే తేడాలు తెలియడం మొదలైతే ఆపివేయండి. మీరు ప్రయత్నించిన పాత పద్ధతిలో మచ్చలన్నీ గీతల వెంటే పడతాయి. ఎండ గీతలను చూసుకొని రేకును వెలవెలబోయేటట్లు చేయదు కదా.

శత్రువు కంటపడకుండా వేసే రెండు మభ్యరంగుల మధ్య మసక అంచు అసలు విమానంపై 25 మి.మీ. వెడల్పు ఉన్నా, మోడల్‌పై అది 0.8 మి.మీ. మించకూడదు. దీనికి మెత్తని అంటుడు మట్టిని సన్నని తాడులా చేసి సరిహద్దు వెంట పరచి, ఎయిర్‌బ్రష్‌ను నిటారుగా పట్టుకొని వేస్తే సరిపోతుంది.

గుర్తుల విషయంలో పెద్ద మోడల్‌కు డెకాల్స్ (నీటితో తడిపి అంటించే గుర్తుల పొరలు) కంటే కోసిన మాస్కులతో రంగు వేయడమే మేలు. వృత్తాకార గుర్తు మూడు అంగుళాలు ఉన్నప్పుడు దాని పొర రివెట్లలోకి దిగక ప్లాస్టిక్ కాగితంలా పైన తేలుతుంది, మీరు కింద వేసిన మచ్చలన్నిటినీ కప్పివేస్తుంది. చిన్న అక్షరాల హెచ్చరికలకు మాత్రం డెకాల్సే దిక్కు. వాటి కింద మెరుపు వార్నిష్ పూత లేకపోతే గరుకు ఉపరితలంలో గాలి చిక్కి వెండి రంగులో మెరుస్తాయి. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు మిత్రపక్షాల విమానాలకు వేసిన మూడు తెల్ల, రెండు నల్ల పట్టీలు ఒక ఇంజిన్ విమానాలపై ఒక్కొక్కటి 18 అంగుళాల వెడల్పు, అంటే 1/32లో 14.3 మి.మీ. ఉండాలి. వాటిని చివరి ఒకటి రెండు రోజులలో హడావిడిగా, చాలా చోట్ల కుంచెలతోనే వేశారు. కాబట్టి టేపుతో కత్తిలా తీర్చిన అంచుకంటే కొంచెం వణికిన అంచే చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: రంగు వేయని లోహపు మెరుపుతో ముస్టాంగ్ చేయాలనుకుంటున్నాను. రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ గీతలన్నీ బయటపడ్డాయి.

జవాబు: లోహపు రంగు దేనినీ దాచదు. దానిలోని రేణువుల పొర చాలా పలుచన కాబట్టి, కింద ఉన్న 1000 నంబరు కాగితపు గీత కూడా పైకి వస్తుంది. 2000, 4000 నంబర్ల వరకు రుద్ది, మెరిసే నలుపును అద్దంలా పరిచి, ముఖం స్పష్టంగా కనిపించేటంతవరకు తరువాతి మెట్టుకు వెళ్లకండి. నలుపుపై లోహపు లాకర్‌ను 12 నుంచి 15 పీఎస్ఐలో, పొడిపొడిగా, పలుచగా, పలుమార్లు వేయాలి. నలుపు ఆ మెరుపుకు లోతు ఇస్తుంది.

పైన చెప్పిన సంగతి ఇక్కడ మళ్లీ అవసరపడుతుంది. ముస్టాంగ్ శరీరం చాలావరకు పూతలేని లోహం. రెక్కలు మాత్రం పుట్టీపైన అల్యూమినియం రంగు వేసినవి. అందువల్ల ఒకే విమానంపై రెండు వెండి ఛాయలు ఉంటాయి. శరీరానికి మెరిసే లోహం వేసి, రెక్కలకు మెరుపు తగ్గించిన వెండి రంగు వేస్తే, మరే నగిషీ లేకపోయినా ఆ విమానం ముస్టాంగ్‌గా గుర్తుపట్టబడుతుంది. శరీరంపై కూడా ఒకటి రెండు రేకులను టేపుతో వేరుచేసి కొంచెం ముదురు ఛాయ వేయండి. టేపును ముందుగా అరచేతికి రెండుసార్లు అంటించి జిగురు తగ్గించాలి.

ప్రశ్న: రంగు పెచ్చులూడినట్లు, పొగ మరకలు పట్టినట్లు చూపించడం ఎంతవరకు సబబు?

జవాబు: పెచ్చు పరిమాణాన్ని కూడా 32తో గుణించండి. స్పాంజితో అద్దిన 1 మి.మీ. వెండి మచ్చ అసలు విమానంపై 32 మి.మీ. గాయం అవుతుంది, అలాంటివి వందలకొద్దీ ఉన్న విమానాన్ని మెకానిక్కులు ఎగరనివ్వరు. రెక్క మొదలు వద్ద నడిచే చోటు, ఇంజిన్ మూతల స్క్రూల చుట్టూ, తుపాకీ అరల అంచులు వంటి చోట్ల, సన్నని కుంచె కొసతో వేస్తే చాలు. అన్నిటికంటే ముందు ఆ భాగం దేనితో చేసినదో తెలుసుకోండి. బ్రిటిష్ మస్కిటో విమానం ఒళ్లు చెక్కది, హరికేన్ వెనుక భాగం గుడ్డది. వాటిపై వెండి పెచ్చు చూపడం అబద్ధం. రోటోల్ అనే బ్రిటిష్ సంస్థ ప్రొపెల్లర్లలో చాలా వాటి రెక్కలు కూడా కుదించిన చెక్కవే.

పొగ మరక అంటే నలుపు అనుకోవడం మరొక పొరపాటు. ఆ రోజుల ఇంధనంలో సీసం ఉండేది. దాని నిక్షేపం పొగగొట్టాల వెనుక లేత బూడిద, మట్టి ఛాయలలో పేరుకునేది. ముందు ముదురు గోధుమ రంగును పలుచగా వేసి, మధ్యలో లేత బూడిదను దానికంటే సన్నగా, గాలి పోయే దిశలోనే లాగాలి. స్పిట్‌ఫైర్ రెక్కల్లోని మెషిన్‌గన్ల మూతులకు ఎర్రని గుడ్డ అతుకులు వేసేవారు. తేమ చేరి తుపాకులు గడ్డకట్టకుండా అవి కాపాడేవి. మీ మోడల్‌పై ఆ అతుకులు చెక్కుచెదరకుండా ఉంటే, రెక్క కింద తుపాకీ మసి ఉండటానికి వీలు లేదు. ఒక ఉత్తరంతో వచ్చిన ఫోటోలో రెండూ ఉన్నాయి; అందుకే ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ప్రశ్న: గీతలలోకి నూనె రంగు దింపి తుడుస్తుంటే కింది పూత కూడా కరిగి వచ్చింది.

జవాబు: కింద ఉన్నది ఎనామెల్ అయి ఉండాలి. దానిపై అక్రిలిక్ మెరుపు వార్నిష్ వేసి ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి ఉంటే, నూనె రంగును పలుచన చేసే ద్రావకం కింది పూతను తాకేది కాదు.

ప్రశ్న: కాక్‌పిట్ అద్దం అతికించిన మరుసటి రోజుకు లోపల తెల్లగా మంచు పట్టినట్లయింది.

జవాబు: అది సూపర్ గ్లూ ఆవిరి. అద్దానికి ఎప్పుడూ చెక్కకు వాడే తెల్ల జిగురే వాడండి. ఊడదీయగలిగితే, ఆ తెల్లదనాన్ని 4000 నంబరు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, పారదర్శక అక్రిలిక్ ద్రవంలో ముంచి, మూతకింద నిలబెట్టి ఆరనివ్వండి. మళ్లీ రంగు వేసేటప్పుడు ముందుగా లోపలి రంగు, దానిపై బయటి రంగు వేస్తే చట్రం లోపలి నుంచి కూడా సరిగా కనిపిస్తుంది.

ప్రశ్న: 1/32 నిష్పత్తిలో నాలుగు ఇంజిన్ల బాంబర్ మొదలుపెట్టాను. ఇంజిన్లకు రెజిన్ భాగాలు కూడా కొన్నాను. ఇంత బరువును చక్రాల కాళ్లు మోయగలవా?

జవాబు: అమెరికా నాలుగు ఇంజిన్ల బాంబర్ బి-17 రెక్కల పొడవు 31.62 మీటర్లు. 1/32లో అది దాదాపు 99 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి మీ అనుమానం సమంజసమే. మెత్తని తెల్ల లోహంతో పోసిన కాళ్లు మొదట గట్టిగానే అనిపించినా, నెలల తరబడి బరువు కింద నెమ్మదిగా వంగుతాయి. ప్లాస్టిక్ కాలి మధ్యలో డ్రిల్లు చేసి ఉక్కు లేదా ఇత్తడి కడ్డీ దూర్చడం వాటికంటే నమ్మకమైన మార్గం. ఆ కడ్డీ రెక్క లోపలి గోడ వరకు వెళ్లి అక్కడ ఎపాక్సీతో నిలవాలి, లేకపోతే కాలు బాగానే ఉండి దాని మొదలు విరుగుతుంది. రెక్కలు రెండింటినీ కలిపే ఇత్తడి గొట్టాన్ని శరీరం అడ్డంగా పెట్టుకోవడం కూడా ఇప్పుడే చేయవలసిన పని.

ముందు చక్రం ఉన్న విమానాలకు తోక కింద పడకుండా బరువు పెట్టవలసి వచ్చినప్పుడు, దానిని ముక్కు కొసకు వీలైనంత దగ్గరగా పెట్టండి. వెనుక చక్రాల నుంచి దూరం పెరిగినకొద్దీ తక్కువ బరువే చాలుతుంది, కాళ్లకు అంత భారం తప్పుతుంది. రెజిన్ ఇంజిన్లను అతికించకముందే మోడల్‌ను టేపుతో కూర్చి, భాగాలన్నీ పైన పెట్టి, కాళ్లపై ఒక వారం నిలబెట్టి చూడండి. ఆ వారంలో కాళ్లు పక్కలకు విచ్చుకోకపోతే అతికించడం మొదలుపెట్టవచ్చు. అంటెన్నా తీగలు, వేగం కొలిచే పిటాట్ గొట్టాలు, తుపాకీ గొట్టాలు మాత్రం చివరి వార్నిష్ ఆరిన తరువాతే పెట్టండి. మీటరు వెడల్పు మోడల్‌ను రంగు వేస్తూ బల్లపై తిప్పేటప్పుడు మొదట విరిగేవి అవే.